యాసిడ్‌కు దిగని ఎరుపు

ఏడో తరగతితో బడికి దండం పెట్టి మగ్గం గుంటలో దిగినవాణ్ణి. క్రిములకు కులగోత్రాలు చెప్పే శాస్త్రం మా వాడకట్టులోనే నేర్చుకున్నాను. ఒక ఏడాది నాయిన దగ్గడం మొదలుపెడితే, విన్న ప్రతివాళ్లూ ఆ దగ్గుకు పేరు పెట్టారు. పక్కింటి పెద్దమ్మ వేడి దగ్గంది. ఎదురింటాయన దిష్టి దగ్గన్నాడు. మా కాక నూలు దుమ్ము దగ్గని తేల్చేశాడు. దగ్గుకో కషాయం. ఏదీ పనిచేయలేదు, ఎవరూ మాట వెనక్కి తీసుకోలేదు. నాయిన మాత్రం మగ్గం మీద నాడె కూడా విసరలేనంత బక్కచిక్కాడు. క్షయ అనే మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే మా ఇంట్లో చాయ్ తాగలేరు కదా!

ఆఖరికి పెద్ద దవాఖానకు తీసుకెళ్తే, పరీక్షలు చేసే సారు ఓ డబ్బీ ఇచ్చి, పొద్దున లేవగానే ఛాతీలోంచి వచ్చే తెమడ పట్టి తెమ్మన్నాడు. "అండ్ల క్షయ పురుగు దొరికితేనే మందు మొదలువెడ్తం."

తెచ్చాం. పురుగు లేదన్నాడు. వాడకట్టంతా గెలిచింది.

"నేను చెప్పలే? దుమ్మే!" అని కాక మీసం దువ్వాడు.

కొన్నాళ్లకు నాయిన దగ్గులో నెత్తురు పడింది. మళ్లీ డబ్బీ పట్టుకెళ్లాం. ఈసారి సారు మూత తీసి వెలుతురులో పెట్టి చూశాడు.

"ఏందయ్యా ఇది? గుళ్లె తీర్థం లెక్క తేటగున్నది!"

నాయిన ఛాతీ విరుచుకున్నాడు. "మరేమనుకున్నవ్ సారూ! యాపపుల్లతోని పండ్లు తోమి, ఉప్పునీళ్లు పుక్కిలించి, తానం జేసినంక పట్టిన. ఇంత పెద్ద దవాఖానకు పాచినోటిది తెస్తమా?"

"తెమడంతా తోముడులనే పాయె, ఇది ఉత్త ఉమ్మి!" అని సారు నెత్తి పట్టుకున్నాడు. ఆ మర్యాదే నాయిన ప్రాణం తీస్తున్నదని తెలిసినా నాకు నవ్వాగలేదు.

తెల్లారి వేపపుల్ల దాచేశాను. నాయిన నన్ను తిడుతూ, తిట్టుకూ తిట్టుకూ మధ్య దగ్గుతూ డబ్బీ నింపాడు. సారు దాన్ని గాజుపలక మీద పూసి, ఎర్రరంగు పోసి, కింద మంట చూపించి, ఆపైన యాసిడ్‌తో కడిగాడు. మిగతా పురుగులు రంగు విడుస్తాయట, క్షయ పురుగు విడవదట. చివరికి నీలం పోసి మైక్రోస్కోపులో చూడమన్నాడు. నీలం మీద సన్నని ఎర్ర పోగులు.

బయట బల్ల మీద కూర్చున్న నాయినకు చెప్పాను. తాను రంగేసిన జంపఖానా ఎరుపు ఎన్ని ఉతుకులకూ దిగదని వరంగల్ అంతా చాటుకున్న మనిషి.

"యాసిడ్ల గూడ దిగలేదారా?"

"దిగలే నాయినా."

"అయితే పక్కా రంగే." లోపలి వైపు చెయ్యి చూపాడు. "మందుకైన దిగుతదో లేదో అడుగు పో."

ఆ రోజే సూదులు మొదలయ్యాయి. మా ఇంటి చాయ్‌కి గిరాకీ పోయింది. కాక మాత్రం బజారు అవతలి నుంచే "దుమ్ము దగ్గెట్లున్నదే అన్నా?" అని అరిచేవాడు.

మందులు పూర్తయ్యాక చివరి పరీక్షకు నాయిన డబ్బీ పట్టుకుని, పాచినోటితోనే వాడకట్టు నడుమ నుంచి బయల్దేరాడు. పలకరించిన ప్రతివాడికీ నోరు తెరిచి చూపించాడు. కాకకు ఇంకాస్త దగ్గరగా వెళ్లి మరీ చూపించాడు.

సారు చాలాసేపు మైక్రోస్కోపులోంచి తల ఎత్తలేదు.

"మంచిగ చూడు సారూ, ఎర్ర పోగు ఒక్కటన్న మిగిలిందా?"

"ఒక్కటి గూడ లేదు పెద్దాయనా. అంతా నీలమే."

ఇంటికి రాగానే నాయిన మొదట అడిగింది వేపపుల్ల.