రెండో ఎర్ర తూనీగ కోసం పులివెందుల దాకా

మా అక్క ప్రొద్దుటూరు బడిలో సైన్సు చెప్పి రిటైరైంది. షుగరు ఆమె కళ్ల మీద పడింది. కుడి కన్ను పోయింది, ఎడమది ఎన్నాళ్లుంటుందో చెప్పలేమన్నాడు డాక్టరు. ఇంటికొచ్చాక అక్క ఒక్కటే కోరింది. ఏటా పిల్లలకు బోర్డు మీద గీసి చూపిన రెండు ఎర్ర తూనీగలనూ ఒకే రోజు చూడాలని. అవి దగ్గరి చుట్టాలు. ఒకటి వంకాయపువ్వు ఛాయ కలిసిన గులాబీ రంగు, నీటి ఒడ్డున జమ్ము మీద వాలుతుంది. రెండోది పండుమిరప ఎరుపు, రెక్కల మొదట్లో పెద్ద తేనెరంగు మచ్చ. దానికి ఎండ పడే బండలంటేనే ఇష్టం.

దగ్గరని ముందు జమ్మలమడుగు పోయాం. పొద్దున బస్సెక్కితే గంటలోపే. నాకు టికెట్ ముప్పై చిల్లర, అక్కకు ఆడవాళ్ల ఉచిత టికెట్. పెన్న ఒడ్డున గులాబీది తొందరగానే దొరికింది. అక్క మెల్లగా వంగి, జానెడు దూరం నుంచి చూసింది. "రెక్కల్లో ఈనెలు గూడా ఎర్రగా ఉండాయిరా" అంది. తర్వాత హోటల్లో బొరుగుల ఉగ్గాని రెండోసారి అడిగి పెట్టించుకుంది. ఆమె అట్లా తినడం చూసి శానా రోజులైంది.

ముద్దనూరు మీదుగా పులివెందుల చేరేసరికి మధ్యాహ్నం దాటింది. చీనీ బత్తాయి తోటల అవతల ఉన్న బండల వంకకు, అంటే చిన్న వాగుకు, రానూపోనూ ఆటో నాలుగు వందలు. ఈ ఎండలో పురుగుల కోసమా అని డ్రైవరు నవ్వాడు గానీ, సంగతి తెలిశాక తనే అక్క చెయ్యి పట్టుకుని వంకలోకి దించాడు. బండలన్నీ తెల్లగా మెరుస్తున్నాయి. కాసేపటికి తూనీగ వచ్చి వాలింది.

"ఆడే ఉండాదమ్మా, నీ చెయ్యి పక్కనే" అన్నాడు డ్రైవరు మెల్లగా.

అక్క చాలాసేపు చూసింది. కన్ను తుడుచుకుని మళ్లీ చూసింది.

"బండే కనబడతాంది" అంది.

నేను రంగూ మచ్చా వర్ణించడం మొదలుపెట్టాను. "అది నాకు తెలుసు లేరా. చూద్దామనే కదా వచ్చింది" అని ఆపేసింది. తూనీగ ఎగిరిపోయింది. ఆమె అటే చూస్తూ నిలబడింది.

ఫోన్లో తీసిన ఫొటో పెద్దది చేసి చూపించాను. ఎర్రటి మరక, అంతే అంది. ఒకరి బదులు ఇంకొకరు చూసి చెప్పొచ్చని బయల్దేరేటప్పుడు అనుకున్నాను. కుదరదు. నా కళ్లు నావే. ఆ ఎరుపు ఇప్పుడు నా ఒక్కడికే ఉంది, దాన్ని ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

మీరు వెళ్తే మాత్రం, దూరమైనా ముందు పులివెందులకే పోండి. పొద్దున్నే వంకలో ఎండ కళ్లలో కొట్టదు.