అద్దాల పెట్టెలోంచి తిరిగొచ్చిన గీతకత్తి

అది 2022 జనవరి. నకిరేకల్ దాటాక హైవే పక్కన, లారీ బాడీలు కట్టే షెడ్ల వరుసలో చివరిది నా వర్క్‌షాప్. రెండు బెల్ట్ గ్రైండర్లు, ఒక కరెంటు కొలిమి, కాలిన ఉక్కును ముంచడానికి ఒక నూనె తొట్టి, గోడకు ఇరవై రకాల పిడి కర్రలు. కస్టమ్ కత్తులు నా వృత్తి. అంటే అడిగినవారి చేతి కొలతకు, వారి పనికి తగ్గట్టు, ఒక్కొక్కటిగా చేత్తో చేసే కత్తులు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివిన అమ్మాయి ఈ పనిలోకి ఎందుకు వచ్చిందని అడిగేవారికి నేను చాలా పెద్ద సమాధానాలు చెప్పేదాన్ని. చిన్న సమాధానం ఏమిటంటే, ఉక్కు నాకు ఇష్టం.

ఈ వృత్తి గురించి బయటివారికి తెలియని విషయం ఒకటుంది. కస్టమ్ కత్తి కొనేవారిలో ఎక్కువమంది దానితో ఏమీ కోయరు. వారు కత్తులను సేకరించి దాచుకునేవారు. కత్తిని అద్దాల పెట్టెలో పెట్టి, ఆదివారం నూనె గుడ్డతో తుడిచి, మళ్లీ లోపల పెడతారు. మొదటి మూడేళ్లలో నేను చేసిన కత్తుల్లో నూటికి తొంభై ఆ పెట్టెల్లోకే వెళ్లాయి. నన్ను బతికించింది వారే కనుక వారిని తక్కువ చేయను. కానీ నేను చేసిన కత్తి వాదర, ఆ పదునంచు, ఒక్కసారైనా నిజమైన పనిలోకి దిగాలనే కోరిక నాలో పెరుగుతూ వచ్చింది. ఈ అనుభవం ఆ కోరికతోనే మొదలైంది.

కాలేజీలో నాలుగేళ్లు నేను డిబేట్ జట్టులో ఉన్నాను. మాకు నేర్పిన మొదటి నియమం: ఎదుటివారు జవాబు చెప్పని వాదన, వారు ఒప్పుకున్న వాదన కిందే లెక్క. పోటీలో ఆ నియమం న్యాయమైనదే. దాన్ని వర్క్‌షాప్‌లోకి తెచ్చుకున్నది నేను.

ఆ జనవరిలో ఒక ఉదయం సత్తయ్య కాక వచ్చాడు. పన్నెండు కిలోమీటర్ల అవతలి ఊర్లో తాళ్లు గీసే, అంటే తాటిచెట్లెక్కి కల్లు తీసే మనిషి. వయసు అరవైకి దగ్గర. గుడ్డలో చుట్టిన గీతకత్తి బల్ల మీద పెట్టాడు. పిడి వదులైంది. దాన్ని చేసిన కమ్మరి చనిపోయి చాలా ఏళ్లయిందట.

షెడ్డంతా కలియజూసి, "మేస్త్రి లేడా బిడ్డా?" అన్నాడు.

"నేనే కాక మేస్త్రిని."

"నువ్వా? మరి కొలిమేది? బొగ్గు లేదు, తిత్తి లేదు!"

"కరెంటు కొలిమి కాక. స్విచ్ ఏస్తే కాలుతది."

"ఓహో. కరెంటు పోతే నువ్వు గూడ మా లెక్కనే ఖాళీగ కూసుంటవన్నట్టు," అని నవ్వాడు.

ఆ సమయానికి నా పాత కస్టమర్ ఒకాయన అక్కడే ఉన్నారు. హైదరాబాద్‌లో ప్రాక్టీసు మానేసిన డాక్టర్. పల్లె వృత్తుల కత్తులను సేకరిస్తారు. బల్ల మీది కత్తిని చూడగానే కళ్లద్దాలు సవరించుకున్నారు. లారీ కమాన్ పట్టీ నుంచి సాగగొట్టిన ఉక్కు. వెడల్పాటి, పలుచని అలుగు, అంటే కత్తి రేకు. పాతికేళ్లు నూరీ నూరీ వాదర లోపలికి కొద్దిగా వంగింది. పిడి మీద నాలుగు వేళ్ల గుంటలు స్పష్టంగా ఉన్నాయి. డాక్టర్‌గారు నన్ను పక్కకు పిలిచి, "ఇది నా దగ్గర ఉండాల్సిన వస్తువు. కానీ ఆయన వద్దంటే వద్దు. బలవంతం చేయకండి," అన్నారు.

నేను బలవంతం చేయలేదు. వాదించాను. పాత కత్తి డాక్టర్‌గారికి ఇస్తే, అదే కొలతతో అంతకంటే మేలైన కత్తిని నేను చేసిస్తానన్నాను.

"రోజుకు ఎన్నిసార్లు నూరుతవు కాక?"

"చెట్టు ఎక్కిన ప్రతిసారి. చెక్క మీద పలుగురాయి పొడి చల్లి, నాలుగు సార్లు అటు, నాలుగు సార్లు ఇటు."

"గదే నీ కత్తిల లోపం. ఉక్కు మెత్తగ ఉన్నది కాబట్టి పొద్దుకు పదిసార్లు నూరాల్సి వస్తాంది. నేను చేసే ఉక్కు గట్టిది. వారానికి ఒకసారి నూరితే చాలు."

"నూరుడు కత్తికే గాదు బిడ్డా, చెయ్యికి గూడ. నూరినంక చెయ్యి తయారైతది."

"అది అలవాటు కాక. కారణం గాదు."

ఆయన మాట్లాడలేదు. కత్తిని తిప్పి చూశాడు, బొటనవేలితో వాదర తడిమాడు. కాసేపటికి, "సదువుకున్నదానివి. నీకు తెల్వదా," అని కత్తిని నావైపు జరిపాడు. నేను గెలిచాననుకున్నాను. ఆయన మౌనాన్ని ఒప్పుకోలు కింద రాసుకున్నాను. పలుగురాయి పొడి నా ఉక్కును నూరగలదా అనే ప్రశ్న నాకు తట్టనే లేదు. జవాబు నాకు ముందే తెలిసిన ప్రశ్నలనే నేను అడిగాను.

పాత కత్తిని డాక్టర్‌గారికి పంపే ముందు ఆయన ఒక్కటే కోరారు: "తుప్పు మాత్రం ఆపండి. మిగతాది ముట్టుకోకండి." వాదరలో ఒక చిన్న గంటు కనిపించింది. దాన్ని సరిచేయకుండా పంపడం నాకు చిన్నతనంగా తోచింది. గ్రైండర్ మీద పెట్టాను.

ఇక్కడ టెంపర్ అనే మాట చెప్పాలి. ఉక్కును ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుంది, కానీ గాజులా పెళుసవుతుంది. తర్వాత తక్కువ వేడిలో ఉంచితే పెళుసుదనం తగ్గి గట్టిదనం నిలుస్తుంది. ఆ సమతూకమే టెంపర్. తరువాత ఎప్పుడైనా అంతకు మించిన వేడి తగిలితే టెంపర్ పోయి ఉక్కు మెత్తబడుతుంది. పలుచని వాదరను గ్రైండర్ మీద రుద్దేటప్పుడు క్షణక్షణం నీళ్లలో ముంచాలి. అరిగిన బెల్టుతో, నీళ్లలో ముంచకుండా, నేను ఒక్క రుద్దు ఎక్కువ రుద్దాను. వాదర మధ్యలో మూడు అంగుళాల మేర నీలం రంగు పాకింది, వెంటనే బూడిద రంగులోకి తిరిగింది.

ఆ రంగు అర్థం నాకు బాగా తెలుసు. బఫింగ్ చక్రం మీద, అంటే మెరుగు పెట్టే గుడ్డ చక్రం మీద, కత్తిని అర నిమిషం పట్టుకుంటే రంగు పోతుందనీ తెలుసు. రంగు పోతుంది, నష్టం పోదు. రంగు తీసేశాను. లోపల ఒక వాదన కూడా కట్టుకున్నాను: ఈ కత్తి ఇక దేన్నీ కోయదు, కనుక దీని మెత్తదనం వల్ల నష్టపోయేవారు ఎవరూ లేరు. వినడానికి బాగానే ఉంది. వినేది నేనొక్కదాన్నే.

కొత్త కత్తికి పద్దెనిమిది రోజులు పట్టింది. అన్నాళ్లూ ఆయన తోటి గీతగాడి కత్తి అరువు తెచ్చుకుని పని నడిపాడు. డి-టూ అనే టూల్ స్టీలు. కార్ఖానాల్లో ఇనుప రేకులను కత్తిరించే అచ్చులకు వాడే ఉక్కు. పిడికి ఆయన వేళ్ల కొలతలే తీసుకున్నాను. తీసుకెళ్లిన నాలుగో రోజు ఫోన్ వచ్చింది. "పట్టు కోసినట్టు కోస్తాంది బిడ్డా! మావోళ్లంత ముట్టి ముట్టి చూస్తాన్రు." ఆ రోజంతా నేను నేల మీద లేను.

రెండో వారం ఆయనే వచ్చాడు. తాటి గెల చివర రోజూ వెంట్రుక మందం పొర తీయాలి. కోత నున్నగా ఉంటేనే కల్లు లొట్టిలోకి, అంటే గెలకు కట్టిన కుండలోకి, కారుతుంది. పీచులేస్తే గెల ఎండుతుంది. నా కత్తి వాదరలో కంటికి ఆనని పళ్లు లేచాయి. ఆయన చెక్క, ఆయన పలుగురాయి పొడి వాటిని ఏమీ చేయలేకపోయాయి, ఎందుకంటే ఆ ఉక్కులోని గట్టి రేణువులు పలుగురాయి కంటే గట్టివి. నేను వజ్రపు పొడి అతికించిన పలకపై నూరి ఇచ్చాను. ఐదు రోజులకు మళ్లీ వచ్చాడు. ఆ పలకనే ఇచ్చి పంపాను. "ఎంత రుద్దినా జారుతాంది తప్ప పట్టుత లేదు," అని మళ్లీ వచ్చాడు. చెక్క మీద ఒత్తినట్టే ఒత్తి రుద్దితే పలక మీది వజ్రపు పొడి ఊడిపోయింది. మార్చి మొదలయ్యేసరికి రెండు చెట్ల గెలలు ఎండిపోయాయి.

"బిడ్డా, తప్పు పట్టకు. నా కత్తి నాకు ఇప్పియ్యరాదు?"

డాక్టర్‌గారికి ఫోన్ చేశాను. ఆయన మరుమాట లేకుండా మర్నాడే పెట్టెతో సహా కారులో పంపించారు. సత్తయ్య కాక అద్దాల పెట్టెను చూసి, "అబ్బో, సెల్‌ఫోన్ దుకాణంల పెట్టినట్టు పెట్టిన్రు గదా దీన్ని," అని నవ్వాడు. కత్తి తీసుకుని నుదుటికి ఆనించుకున్నాడు. చెప్పాల్సిన సమయం అదే. వాదర మెత్తబడిందని, ఒక్క వారం ఇవ్వమని, ఆ మేర అరగదీసి ఇస్తానని అంటే సరిపోయేది. నేను వదులైన పిడి మాత్రం బిగించి, "జాగ్రత్త కాక," అన్నాను.

నాలుగు వారాలు ఆయన రాలేదు. ఫిర్యాదు లేదు కనుక అంతా బాగుందనుకున్నాను.

ఏప్రిల్‌లో ఆయన భార్య అంజమ్మ వచ్చింది. నేను చేసిన కత్తిని బల్ల మీద పెట్టింది.

"ఇది నువ్వే ఉంచుకో బిడ్డా. మా ముసలాయన చెట్లు ఇడిసిపెట్టిండు."

"ఎందుకమ్మా?"

"పాత కత్తి వచ్చినంక గూడ గెల మంచిగ తెగుత లేదు. నూరుతడు, ఎక్కుతడు, సగం కోత గాకముందే పదును పోతది. కత్తి పాతదే, చెట్టు పాతదే, మారింది నా చెయ్యే అంటడు. మొన్న కల్లుగీత సంఘంల చెప్పి తన వంతు చెట్లు ఇద్దరు మొగపిల్లలకు ఇప్పిచ్చిండు. అన్నం తినుకుంట గూడ చెయ్యి దిక్కే చూసుకుంటాండు. దవాఖానకు పోదామంటే, ఇది దవాఖాన రోగం గాదంటాండు."

ఆమెను స్కూటీ మీద ఎక్కించుకుని అప్పుడే బయల్దేరాను. సత్తయ్య కాక అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చెట్టెక్కే మోకు గోడకు వేలాడుతోంది. నేను కత్తి అడిగి తీసుకుని, సంచిలోంచి ఇనుము అరగదీసే ఆకురాయి తీశాను. వాదర మడమ దగ్గర, అంటే పిడి వైపు, ఉక్కు గట్టిగా ఉన్న చోట ఆకురాయి ఆనిస్తే జారిపోయింది. మధ్యలో, మెత్తబడిన చోట ఆనిస్తే కొరికి, ఇనుప రజను రాలింది.

"నువ్వే ఆనించి చూడు కాక."

ఆయన చూశాడు. మడమ దగ్గర, మధ్యలో, చివర, మళ్లీ మధ్యలో. నేను జరిగింది చెప్పాను. నీలం రంగు సంగతి, చక్రం మీద దాన్ని తీసేసిన సంగతి కూడా.

కుడిచెయ్యి చాపి చూసుకుంటూ అడిగాడు: "అంటే నా చెయ్యి మంచిగనే ఉందా?"

"మంచిగనే ఉంది కాక. నేనే ఖరాబ్ చేసిన కత్తిని."

"ఇనవడ్డదానే?" అని ఇంట్లోకి కేకేశాడు. "నా చెయ్యి మంచిగనే ఉన్నదంట!" ఆ గొంతులోని సంతోషం వినడం నాకు తిట్లు వినడం కంటే కష్టమైంది. తర్వాత నావైపు తిరిగాడు. "మరి ఎరుకుండి ఎందుకు చెప్పకపోతివి బిడ్డా?"

పోటీల్లో నన్ను ఎంతోమంది ఎన్నో అడిగారు. ఇంత మామూలు ప్రశ్న ఎవరూ అడగలేదు.

"భయపడ్డ కాక."

"నన్ను జూసా?" ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు.

"కాదు. నా పని గురించి జనం ఏమనుకుంటరో అని."

"నేను మాత్రం నా పని గురించి నేనే తప్పుగ అనుకున్న," అన్నాడు. "నెల దినాలు."

చెట్లు మళ్లీ అడిగి తీసుకొమ్మని, కావాలంటే సంఘం ముందు నేనే వచ్చి చెప్తానని అన్నాను. ఆయన తల ఊపలేదు. "ఆ పిల్లలు లొట్లు కట్టుకున్నరు. కట్టిన లొట్టి ఇప్పమని ఏ మొఖంతోటి అడుగుత? వచ్చే ఏడు జూద్దాం."

కాలిన మేరను మిషను ముట్టకుండా, తడి రాయి మీద చేత్తో మూడు రోజులు అరగదీశాను. అలుగు వెడల్పు కొంత తగ్గింది. ఆయన తన చెక్క మీద నూరి, ముంజేతి వెంట్రుక గీసి చూసి, "ఇప్పుడు పాతదే," అన్నాడు. డాక్టర్‌గారికి కూడా ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. "ముట్టుకోవద్దన్నాను కదమ్మా," అన్నారు. ఆ తర్వాత ఆయన నా దగ్గర కత్తి చేయించుకోలేదు.

ఇప్పుడు ఎవరైనా పనికోసం కత్తి అడిగితే, వారి రాయి, వారి చెక్క తెప్పించి నా ఎదుటే నూరమంటాను. నేను మాట్లాడను, చూస్తాను. ఎదుటి మనిషి ఊరుకుంటే, ఎందుకు ఊరుకున్నారో అడుగుతాను. చేతిలో కత్తి పెట్టేటప్పుడు, దాని మీద నేను చేసిన తప్పు ఏదైనా ఉంటే అప్పుడే నోటితో చెబుతాను. చెప్పినందుకు కొందరు తీసుకోకుండా వెళ్లిపోయారు. వెళ్లనిచ్చాను.

మరుసటి ఏడు సంఘం సత్తయ్య కాకకు నాలుగు చెట్లు ఇచ్చిందని అంజమ్మ ఫోన్‌లో చెప్పింది. మోకు కట్టుకుని సగం దాకా ఎక్కాడట. ఏడాది ఎక్కని కాళ్లు వణికితే మెల్లగా దిగాడట. దిగినవాడు మళ్లీ ఎక్కలేదు. నేను మార్చిలో చెప్పి ఉంటే, ఆ ఏడాది విరామం ఆయనకు ఉండేది కాదు.