హాస్టల్ సీటు అతను వదులుకోలేదు

తార్నాకలో మా సంఘం వాళ్లు జ్ఞాపక సంచిక వేస్తున్నారు. పాత బైబిలు తరగతుల గురించి నన్ను రాయమన్నారు. నాకు శ్రమ తగ్గించడానికి, ఏమేం రాయాలో కూడా వాళ్లే ఒక కాగితం మీద రాసి పంపారు. అందులో ఒక వాక్యం ఇది: మన తరగతుల్లో తయారైన ఒక యువకుడు క్రీస్తు కోసం స్కాలర్‌షిప్పునూ హాస్టల్ సీటునూ తృణప్రాయంగా వదులుకున్నాడు.

ఆ కథ మొదట చెప్పింది నేనే. పన్నెండేళ్లు, పిలిచిన ప్రతి సభలోనూ చెప్పాను. అది అబద్ధం. అతను ఏదీ వదులుకోలేదు. అతని దగ్గర్నుంచి మేం లాక్కున్నాం. ఇప్పుడది అచ్చులోకి కూడా ఎక్కబోతోంది కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అరవైల చివర నేను యూనివర్సిటీలో ఎం.ఏ. చదివేవాణ్ణి. మాది కడప వైపు. నాన్న మిషన్ బడిలో హెడ్మాస్టరు. నా సర్టిఫికెట్లో మతం దగ్గర క్రైస్తవుడు అని ఉండేది. అలా ఉన్నందువల్ల నాకు ఏ నష్టమూ లేదు. ఫీజు నాన్న పంపేవాడు.

తార్నాక చుట్టుపక్కల మూడు సంఘాలు ఉండేవి. ఒక సంఘంలో పసిపిల్లల తల మీద నీళ్లు చిలకరించి బాప్తిస్మం ఇచ్చేవారు. అది బాప్తిస్మమే కాదని మిగతా రెండు సంఘాల వాదన. పెద్దయ్యాక, తెలిసి నమ్మినవాణ్ణి నీళ్లలో ముంచితేనే లెక్క అనేవారు. ఈ తేడా మీద ఒకరి పెళ్లిళ్లకు ఒకరు వెళ్లని కుటుంబాలు నాకు తెలుసు. అటువంటి మూడు సంఘాలూ కలిసి, క్యాంపస్‌లోని క్రైస్తవ విద్యార్థులకు ఆదివారం మధ్యాహ్నాలు బైబిలు నేర్పడానికి ఒప్పుకున్నాయి. నన్ను కార్యదర్శిని చేశారు. ఒప్పందం నా చేతిరాతతోనే మినిట్స్ పుస్తకంలో ఉంది. అందులో మొదటి షరతు, తరగతిలో బాప్తిస్మం మాట ఎత్తకూడదు. ఒక సంఘం ఇచ్చిన బాప్తిస్మం చెల్లదని ఇంకో సంఘం నోటితో గాని, రాతలో గాని అనకూడదు. అపొస్తలుల కార్యాలు చదువుతూ చదువుతూ నది గాని, మడుగు గాని వస్తే పాస్టరుగారు గబుక్కున పేజీ తిప్పేసేవారు. "నీళ్లొచ్చినయ్, దునుకుండ్రి" అని వెనక బెంచీలో ఒకమ్మాయి మెల్లగా అనేది. అందరం నవ్వుకునేవాళ్లం.

అతను నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చాడు. బి.ఎస్సీ. రెండో ఏడు. ఆదివారం పొద్దున మాణికేశ్వర్ నగర్‌లో పిన్నమ్మ ఇంట్లో తిని, అక్కడి నుంచి నడిచి తరగతికి వచ్చేవాడు. బైబిలుకు న్యూస్ పేపర్ అట్ట వేసుకున్నాడు, కెమిస్ట్రీ పుస్తకానికి వేసినట్టు. సిగ్గుపడుతున్నావా అని ఒకసారి అడిగాను. నవ్వి, అట్ట మడత సరిచేసుకున్నాడు. మా అందరిలోకీ ప్రశ్నలు ఎక్కువ అడిగేది అతనే. పౌలు ఓడ ఎక్కిన రేవులన్నీ వరసగా చెప్పగలిగేది కూడా అతనొక్కడే.

అట్ట ఎందుకో నాకు తెలుసు, తెలియక అడిగింది కాదు. బడిలో చేర్చిన రోజు పంతులు అతని పేరు పక్కన హిందూ అనీ, కులం మాదిగ అనీ రాశాడు. ఆ కాగితం మీదే హాస్టల్ సీటు, ఆ కాగితం మీదే స్కాలర్‌షిప్పు. క్రైస్తవుడని తేలితే రెండూ పోతాయి. పసితనంలో తల మీద నీళ్లు చిలకరిస్తే కులం పోతుందని ప్రభుత్వం అనుకుంటోంది. వాళ్ల ఊరి బావి దగ్గర మాత్రం ఎవరూ అలా అనుకోలేదు. వాళ్లమ్మ బిందె పట్టుకుని దూరంగానే నిలబడేది. ఈ మాట పై అధికారులకు వినిపించేలా చెప్పవలసింది మూడు సంఘాలు. ఆ పని ఒక్కరూ చేయలేదు. సర్టిఫికెట్లో అబద్ధమాడాడని అతన్ని అనడానికి మాత్రం అందరికీ నోళ్లున్నాయి. అందరికంటే ముందు నాకు.

సంవత్సరాంతపు సభకు ఆహ్వానం వేయాల్సి వచ్చింది. దాని వెనక, తరగతులు పూర్తి చేసినవాళ్ల పేర్లు, హాస్టలు, సొంత సంఘంతో సహా వేయాలని కమిటీలో తీర్మానించారు. ఏ సంఘం నుంచి ఎందరు పిల్లలు వచ్చారన్న పోటీయే దానికి కారణం, ఇంకేమీ కాదు. అతను నా గదికి వచ్చాడు.

"అన్నా, జర ఆ కాయితంల నా పేరు వద్దే. వినేతందుకు వస్తున్న, గంతే."

ఆ వారమే మేం, యేసు ఎవరో తనకు తెలియదని పేతురు బొంకిన ఘట్టం చదివాం. నేను మంచం మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని, మంట దగ్గర చలి కాచుకుంటూ పేతురు కూడా ఇలాగే అన్నాడు తమ్ముడూ అన్నాను.

"పేతురుకు హాస్టల్ సీటు లేకుండెనన్నా" అన్నాడు.

ఆ జవాబు నాకు కోపం తెప్పించింది. పేరు వేయించాను. సైక్లోస్టైల్ కాగితం తీసుకెళ్లి అతని హాస్టల్ మెస్ దగ్గర నోటీసు బోర్డుకు నా చేతులతో గుచ్చాను.

మూడోనాటికి ఆ కాగితం బోర్డు మీద లేదు. ఎవరు పీకి ఆఫీసులో ఇచ్చారో ఇప్పటికీ తెలియదు. అతన్ని పిలిపించారు. పది రోజుల్లోగా నువ్వు క్రైస్తవుడివి కాదని పాస్టర్ల దగ్గర్నుంచి రాయించుకుని రమ్మన్నారు.

నేనూ అతనూ కలిసి పాస్టర్ల ఇళ్లకు తిరిగాం. చిలకరించే సంఘం పాస్టరుగారు ఒకప్పుడు నల్గొండ వైపు పనిచేసినవారు, పసితనంలో అతని తల మీద నీళ్లు చిలకరించింది ఆయనే. బాప్తిస్మం ఇచ్చిన చేత్తో ఇవ్వలేదని ఎలా రాయను నాయనా అని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన మీద నాకు కోపం లేదు. ముంచే సంఘాల్లో ఒక పాస్టరు ఊళ్లో లేరు. రెండో ఆయన వరండాలో మాకు టీ ఇప్పించారు. పసిపిల్లల బాప్తిస్మం ఉత్త తడి తలకాయేనని ఆయన తన సంఘంలో బల్ల గుద్ది చెప్పడం నేను స్వయంగా విన్నాను. అతనూ విన్నాడు.

"అయ్యగారూ, మీ లెక్కల నేను బాప్తిస్మం తీసుకోనట్టే గదా. మీరు చెప్పే మాటే జర కాయితం మీద రాసియ్యుండ్రి."

ఆయన టీ కప్పు కింద పెట్టారు.

"అది మా సంఘం లోపల మాట్లాడుకునే మాట, బాబూ. బయటికి రాసిస్తే ఆ అయ్యగారిని అవమానించినట్టు. ఒప్పందం ఉంది కదా."

ఒప్పందం నిలవాలి. సంఘాల ఐక్యత నిలవాలి. దాని కోసం ఒక మాదిగ కుర్రవాడి చదువు పోయినా ఫరవాలేదు. ఎవరికి నేర్పడానికి కలిశారో వాడినే గెంటేసి కలిసి ఉండటం ఏం కలయికో, నాకు ఇన్నేళ్లయినా అర్థం కాలేదు.

కానీ ఆయన్ను తిట్టి నేను తప్పించుకోకూడదు. కార్యదర్శిగా నా దగ్గర లెటర్‌హెడ్ ఉంది, ముద్ర ఉంది. ఈ తరగతులకు ఎవరైనా రావచ్చు, వచ్చినంత మాత్రాన ఫలానా మతమని కాదు అని రెండు లైన్లు రాసి ఇవ్వగలను. అందులో అబద్ధం కూడా లేదు. అతను అదే అడిగాడు. రోజూ వచ్చి అడిగాడు. కమిటీ అనుమతి కావాలన్నాను. కమిటీ, సభ అయ్యాక చూద్దామంది. సభ పన్నెండో రోజున.

సభనాటికి అతను ట్రంకుపెట్టె మోసుకుని వెళ్లిపోయాడు. సర్టిఫికెట్ల కోసం పేర్లు పిలుస్తుంటే అతని పేరూ వచ్చింది. ఎవరూ లేవలేదు. జనం తలలు తిప్పి చూస్తున్నారు. నేను మైకు దగ్గరికి వెళ్లి, ఆ తమ్ముడు విశ్వాసం కోసం చదువునే వదులుకున్నాడు అన్నాను. చప్పట్లు మోగాయి. ముంచే పాస్టరుగారు కళ్లు తుడుచుకున్నారు. అక్కడ పుట్టింది ఆ సాక్ష్యం. మరుసటి ఏడు తెలంగాణ ఉద్యమం గొడవల వల్ల తరగతులు ఆగాయని చెబుతారు. అదీ నిజం కాదు. ఆ సభ తరవాత హాస్టళ్ల నుంచి రావడమే పిల్లలు మానేశారు.

పన్నెండేళ్ల తరవాత నల్లకుంటలో ఒక కూడికలో ఆ కథే చెప్పి దిగాను. వయసుకు ముందే జుట్టు నెరిసిన మనిషి ఒకాయన భార్యతో దగ్గరికి వచ్చాడు. గొంతు విన్నాక గాని అతనేనని గుర్తుపట్టలేదు.

"మంచిగ చెప్పిండ్రన్నా. గాయన ఎవరో గని, సదువంటే గంత ఇష్టం లేనట్టున్నది."

ఈయన ఎవరండీ అని భార్య అడిగితే, మా యూనివర్సిటీల ఉండె అన్నాడు. అంతే, వెళ్లిపోయారు. ఆ రోజుతో ఆ కథ చెప్పడం మానేశాను. మానేస్తే సరిపోతుందనుకున్నాను. అదింకో పిరికితనం. నేను మానేసినా మిగతావాళ్లు చెబుతూనే ఉన్నారు.

ఇది రాసి పంపాక సంచిక సంపాదకుడు ఫోన్ చేశాడు. ఆ పాస్టర్లిద్దరూ ప్రభువునందు నిద్రించారు, ఇప్పుడెందుకన్నా, పరిస్థితుల వల్ల చదువు ఆగిపోయిందని వేద్దాం అన్నాడు. పరిస్థితులు అనేవాడెవడూ ఆ కమిటీలో లేడు, మేమే ఉన్నాం అన్నాను. వేస్తే మొత్తం వేయాలి, లేకపోతే అతని ఊసే ఎత్తకూడదు.

అతన్ని అడగకుండా అచ్చుకివ్వడం మళ్లీ అదే తప్పు. వాకబు చేసి వెళ్లాను. కాచిగూడలో స్టేషన్ ఎదురు లాడ్జిలో పని చేస్తున్నాడు. కౌంటర్ దగ్గర నిలబెట్టి మొత్తం చదివి వినిపించాను. మధ్యలో గది కావాలని ఎవరో వస్తే తాళం ఇచ్చి పంపాడు. క్షమించమని అడిగాను. వేసుకోండన్నాడు. ఒక్కచోట మాత్రం ఆపాడు. ఆఫీసువాళ్లు వారం గడువు ఇచ్చారని రాశాను.

"వారం కాదన్నా, పది రోజులిచ్చిండ్రు. ఆఖరి రోజు దాక మీ రూముకు వచ్చిన."

పైన దిద్దాను. నేను అనుకున్నదానికంటే మూడు రోజులు ఎక్కువే ఉన్నాయి నాకు.