గొయ్యి తవ్వుతానన్నవాడు

ఒక మనిషి దవడ ఎముక ఎంత గట్టిగా ఉంటుందో నా కుడిచేతికి తెలుసు. ఇరవై ఏళ్ళకు పైగా ఆ సంగతి మోస్తున్నాను. నా భార్యకు చెప్పలేదు. మీకు చెబుతున్నాను, మీరెవరో నాకు తెలియదు కనుక.

బందరులో నాకు వైరింగ్ కాంట్రాక్టు లైసెన్సు ఉండేది. నా దగ్గర పనిచేసేవాడు వెంకన్న. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. చుట్టరికం లేకపోయినా బావా అనేవాణ్ణి. తొంభైల చివర్లో దివిసీమలో ఒక రైతు కొత్త ఇంటికి వైరింగ్ మాకొచ్చింది. మీటరు ఎక్కడ, మోటారు ఎక్కడ, ఏ గదికి ఎన్ని పాయింట్లు అని నేనే కాగితం మీద గీశాను. రూలు ప్రకారం మోటారుకి ఎర్త్ ఉండాలి. గొయ్యి తవ్వి, ఉప్పూ బొగ్గూ వేసి, ఇనప పైపు పాతి, దానికి వైరు కలపాలి. మోటారులో కరెంటు లీకైతే ఆ దారిన భూమిలోకి పోతుంది. ఫ్యూజు ఎగిరిపోతుంది. మనిషి బతుకుతాడు.

మోటారు ఆగ్నేయంలో ఉంది. అక్కడ గొయ్యి పనికిరాదని వాస్తు చూసిన సిద్ధాంతిగారు చెప్పారట.

"అయితే ఈశాన్యంలో తవ్వుతానండీ. వైరు కాస్త పొడుగవుద్ది, అంతే" అన్నాడు వెంకన్న.

"ఈశాన్యంలో ఉప్పూ బొగ్గూ పాతిపెడతావా? నా ఇంటికి చేతబడి చేస్తున్నావేంటయ్యా?" అన్నాడు ఇంటాయన.

గృహప్రవేశం దగ్గరపడింది. నాకు తొందరగా ఉంది. "గొయ్యి ఎందుకులెండి, బోరు పైపుకి కట్టేద్దాం. అదీ భూమిలోకే కదా వెళ్ళేది" అన్నాను.

"అబ్బాయ్, పైన మూరెడే ఇనుము. కిందంతా ప్లాస్టిక్కే. ఉప్పునీళ్ళు ఇనుముని తినేస్తాయని మన ముందేగా దింపారు. నన్ను గొయ్యి తవ్వనీ."

"నువ్వు ఉప్పు పోస్తే ఆవకాయ పెడుతున్నావనుకుంటారు బావా. కట్టెయ్."

అందరూ నవ్వారు. వెంకన్న కట్టాడు. ఎర్త్ రూలు ప్రకారం ఉందని రాసి నేను సంతకం పెట్టాను.

ఆ వానాకాలంలోనే మోటారు షాక్ కొడుతోందని కబురు వచ్చింది. ఇద్దరం వెళ్ళాం. వెళ్ళేసరికి ఇంటాయన తమ్ముడి శవాన్ని అరుగు మీద పడుకోబెట్టారు. అరచేయి నల్లగా కమిలిపోయింది. వేళ్ళు ఇంకా దేన్నో పట్టుకున్నట్టే ముడుచుకుని ఉన్నాయి.

ఇంటాయన నా కాలరు పట్టుకున్నాడు. చుట్టూ మనుషులు, చేతుల్లో సరుగుడు కర్రలు.

"ఎవడ్రా ఆ వైరు కట్టింది?"

కట్టింది వెంకన్నే. అబద్ధం కాదు. చూపించాను. అక్కడితో ఆగి ఉంటే పిరికివాణ్ణి మాత్రమే అయ్యేవాణ్ణి. ఆగలేదు. చేతిలోని కటింగ్ ప్లయర్‌తో అతని దవడ మీద కొట్టాను. "గొయ్యి తవ్వమని ఎన్నిసార్లు చెప్పాన్రా నీకు!" అని అరిచాను. అతని మాటనే అతని మీదికి విసిరాను.

రక్తంతో పాటు పన్ను రాలింది. "అబ్బాయ్" అన్నాడు. అంతే అన్నాడు. మళ్ళీ కొట్టాను.

మొదటి దెబ్బ భయంతో కొట్టాను. మరి రెండోది? అప్పటికి నా కాలరు వదిలేశారు. నన్నెవరూ చూడటం లేదు. అయినా ఎందుకు కొట్టాను? ఏళ్ళ తరబడి నన్ను నేను ప్రశ్నించుకున్నాక దొరికిన జవాబు ఒక్కటే. అతను చెప్పింది నిజమైనందుకు కొట్టాను.

కర్రలు విరిగేదాకా కొట్టారు అతన్ని. తవ్వుతానన్నది తనేనని కిందపడి అరిచాడు. ఇంటాయన నా వైపు చూశాడు. ఆ రోజు మాటలు ఆయనకూ గుర్తున్నాయి. ఆ చూపులోనే తెలిసింది. ఇద్దరం కళ్ళు తిప్పుకున్నాం. తర్వాత ఆయనే ఇటుక అందుకున్నాడు. మోటారు దిమ్మ మీద వెంకన్న కుడిచేయి పెట్టించి, మణికట్టు మీద మోదాడు. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. వద్దనలేదు.

పెద్దమనుషులు కూర్చుని, పోలీసుల దాకా వెళ్ళకుండా సర్దేశారు. నా లైసెన్సు నాకే ఉంది. వెంకన్న మణికట్టు వంకరగా అతుక్కుంది. స్క్రూడ్రైవర్ తిప్పలేని చెయ్యితో కృత్తివెన్ను వైపు రొయ్యల చెరువులకి కాపలా వెళ్ళాడు. చాలా ఏళ్ళ తర్వాత గుడివాడ బస్టాండులో కనిపించాడు. ఎడమచేత్తో టీ తాగుతున్నాడు. నేను బస్సు చాటుకి తప్పుకున్నాను. తిడతాడని కాదు. సరేలే అంటాడేమోనని భయం వేసింది.

ఆ ఊళ్ళో అతన్ని ఇప్పటికీ ప్రాణం తీసినవాడనే అంటారు. అందుకే అతని పేరు మార్చకుండా రాశాను. నా పేరు రాయడానికి మాత్రం ఇప్పటికీ చెయ్యి రాలేదు. ఇంటాయన తమ్ముడి చావుకి కారణం నేను. మొదటి దెబ్బ కొట్టినవాణ్ణీ నేనే. ఈ రెండు మాటలు రాశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. ఆ తేలిక కూడా నాకు దక్కవలసింది కాదు.