మాస్టారి మడమ

ఊళ్లో తొడుక్కునేది ఊళ్లోనే తయారవ్వాలని సభ పెట్టి, పాత గోదాములో జోళ్ల షెడ్డు తెరిపించింది మాస్టారే. బడి నుంచి రిటైరయ్యారు గానీ ఆయన నోటికి మాత్రం రిటైర్మెంటు లేదు. మొదటి జత తొడుక్కుని వీధివీధీ తిరిగారు. "పూలమీద నడుస్తున్నట్టుందర్రా!" అని కనిపించినవాళ్లందరితో అన్నారు.

నిజానికి ఆ సాయంత్రానికే మడమ బొబ్బలెక్కింది. వెనక పట్టీ కుట్టు లోపలివైపు తేలి ఉంది. కుట్టినమ్మాయి ఒకప్పటి శిష్యురాలు. పట్నం బూట్ల ఫ్యాక్టరీలో పని మానిపించి ఆయనే పిలిపించారు. పిల్ల మనసు కష్టపెట్టడమెందుకులే అనుకున్నారు. అది తనకు తాను సర్దిచెప్పుకున్న మాట. పూలన్న నోటితో బొబ్బ అనడానికి ఆయనకి నామోషీ, అదీ అసలు సంగతి. అప్పటినుంచి పట్నం వెళ్లినప్పుడల్లా సంచిలో ఫ్యాక్టరీ బూట్లు పెట్టుకుని, ఊరి చివర వంతెన దాటాక మార్చుకునేవారు.

ఊరు మాత్రం తక్కువ తిందా? మాస్టారికి లేని నొప్పి మనకేమిటని, అందరూ మడమకి గుడ్డపేలిక చుట్టుకుని కిక్కురుమనకుండా తిరిగారు.

పక్క ఊరి దుకాణంవాడికి ఆ మొహమాటం లేదు. షెడ్డుకి వచ్చిన మొట్టమొదటి బయటి బేరం, అరవై జతలు, నెల తిరక్కుండా వెనక్కి పట్టుకుపొమ్మని కబురుపెట్టాడు. ఆ మధ్యాహ్నం మాస్టారు పట్నం నుంచి వస్తూ వంతెన పిట్టగోడ మీద కూర్చుని బూటు విప్పుతుండగా, వెనక్కొచ్చిన జోళ్ల మూటల బండి తోసుకుంటూ అమ్మాయి ఎదురైంది. దాచుకునే వ్యవధి లేకపోయింది.

ఆమె బూట్ల వంక చూడలేదు. బండి ఆపి, వంగి, నల్లగా కాయకాసిన ఆయన మడమ చూసింది.

"ఎన్నాళ్లయింది మాస్టారూ?"

"మొదటి రోజు నుంచేనమ్మా."

"ఆ రోజే ఒక్కమాట అనుంటే అరగంట పని. పట్టీ తిప్పి కుట్టేదాన్ని." గొంతులో కోపం లేదు, ఉన్నా బాగుండుననిపించింది ఆయనకి. "బళ్లో తప్పు లెక్కకి ఒక్కనాడూ రైటు కొట్టలేదు కదండీ మీరు!"

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. "నీ పనికి వంక పెట్టినట్టవుతుందని..." అని నసిగారు.

అమ్మాయి కాలు కాస్త ముందుకు పెట్టింది. ఆమె మడమకీ గుడ్డపేలిక ఉంది.

"మీరు పూలన్నారు కదా మాస్టారూ! నా కాలిదే తప్పనుకున్నాను."