ఏడో నంబరు హాజరు

సైన్యంలో ఆఫీసర్లు కావాలనుకున్న పన్నెండుమందిమి కలిసి మా కాలేజీలో ఒక శిక్షణ క్లబ్బు నడిపేవాళ్లం. మాష్టార్లెవరూ లేరు. మాలో ఫైనలియర్ సీనియరే కమాండరు. క్లబ్బులో పేర్లుండవు, ఛాతీ మీద నంబరే. నాది ఏడు.

ఆ ఆదివారం ఉదయం భావనపాడు తీరంలో గాయపడిన జవానును మోసుకుపోయే సాధన. జవానుగా నన్నే పడుకోమన్నారు. నేనే ఎందుకని అడిగాను.

"అందరికన్నా నువ్వే తేలిగ్గున్నావురా. ఇంకేటి, పడుకో" అన్నాడు కమాండరు. కొందరు నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకిప్పటికీ గుర్తే.

రెండు వెదురు కర్రలకు చొక్కాలు తొడిగి, జారిపోకుండా నన్ను తువ్వాళ్లతో కట్టి మోశారు. సరుగుడు తోట వెనక ఇసుక దిబ్బ దగ్గరికి వచ్చేసరికి ఈల వినబడింది. ఈల పడితే ఎక్కడి పని అక్కడే వదిలి వరసలో నిలబడాలి. నన్ను దించి పరుగెత్తారు. గాయపడినవాడు నోరు విప్పితే జట్టు ఓడినట్టే. అందుకని నేను నోరు విప్పలేదు.

దిబ్బ అవతల నంబర్లు మొదలయ్యాయి. నాలుగు, ఐదు, ఆరు. అక్కడ ఆగుతారనుకున్నాను.

"ఏడు" అన్నారెవరో.

క్లాసులో ఒకరికొకరం ప్రాక్సీ చెప్పుకునే అలవాటు అందరికీ ఉంది. లెక్క సరిపోయింది. మేమొచ్చిన వ్యాను కదిలిన చప్పుడయ్యాక అరిచాను.

ఎండెక్కాక చేపల తట్టతో వస్తున్న ముసలామె నన్ను చూసి ఆగిపోయింది. "ఓలమ్మా! పేనం ఉన్నాదా, నేదా?" అంది. ఉందన్నాను. "ఎవులు కట్టీసినారు నాయనా?" అని అడిగింది. మావాళ్లేనని చెప్పాను.

మర్నాడు ఫిర్యాదు రాసిచ్చాను: ఏడు అన్నదెవరు? కమాండరు చదివి, "లెక్క సరిపోనాదని ఎలిపోనాం. బతికే ఉన్నావు కదేటి, వదిలీ" అన్నాడు.

నేను వదల్లేదు. సైన్యానికీ వెళ్లలేదు. ఇప్పటికీ బస్సులో కండక్టరు తలలు లెక్కపెడుతుంటే ఆరు దగ్గర తల తిప్పి, ఏడోది ఎవరో చూస్తాను.

ఇన్నేళ్లలో పదిమందిని విడివిడిగా కలిసి, ఒక్కొక్కరి చేతా "ఏడు" అనిపించాను. ఏ గొంతూ కుదరలేదు. హాస్టల్లో నా గదిలో ఉన్నవాడు మిగిలాడు. ఇప్పుడతను ఆఫీసరు. మొన్న సెలవుకి వచ్చాడని తెలిసి గజపతినగరంలో వాళ్లింటికి వెళ్లాను.

"నానేరా" అన్నాడు, నేను అడగ్గానే. "నువ్వు ఎనకాల వస్తన్నావనుకున్నాను. పనిష్మెంటు పడతాదని సెప్పీసినాను. ఇంక మరిసిపో."

"ఏదీ, ఒకసారి అను."

నవ్వుతూ అన్నాడు. పక్క మంచం మీంచి మూడేళ్లు విన్న గొంతు అది. దిబ్బ అవతల నుంచి వచ్చింది అది కాదు.

"నన్ను ఊరుకోబెట్టడానికి మీదేసుకున్నావు" అన్నాను.

అతని ముఖంలో నవ్వు పోయింది. "నీకేటి కావాలిరా?" అన్నాడు మెల్లగా. లేచి వచ్చేశాను.

పదకొండు గొంతులూ విన్నాను. ఆ గొంతు వాటిలో లేదు. మొదటివాణ్ణి మళ్లీ అడగాలి.