కూలనన్న కమాను

నిన్న మధ్యాహ్నం ధర్మవరంలో మా ఇంట్లో, మగ్గం ఆపి అన్నాలు తిన్నాక, మా కోడలు ఫోన్ తెచ్చి నా ముందర పెట్టింది. పారిస్‌లో కాలిపోయిన పెద్ద చర్చిని మళ్లీ ఎట్లా నిలబెట్టారో చూపించే వీడియో. ఎనిమిది వందల ఏళ్లనాటి గుడి అది. విజయనగర రాజ్యం పుట్టకముందే దాని పునాది పడింది, కట్టడానికి ఇంచుమించు రెండు వందల ఏళ్లు పట్టిందట. తాత మొదలుపెట్టిన గోడను మనవడి మనవడు ముగించి ఉంటాడు. పైకప్పు దూలాలన్నీ కలిపితే ఒక అడవంత ఉండేవట. అవి తగలబడి, సూదిలాంటి శిఖరం విరిగి లోపల పడింది. అయినా ఎవరూ పాతదైపోయింది, తీసేసి స్లాబ్ వేద్దామనలేదు. గొడ్డలితో మాను చెక్కే వడ్రంగులనూ, ఉలి పట్టే వాళ్లనూ వెతికి తెచ్చి, ఐదేళ్లలో ఎట్లా ఉండేదో అట్లాగే నిలబెట్టుకున్నారు. ‘ఎంత బాగుండాదో చూడత్తా’ అంది కోడలు. బాగుంది. నాకు మాత్రం చూస్తున్నంతసేపూ ఒళ్లు మండింది. ఆ మంట పారిస్ వాళ్ల మీద కాదు.

నేను పుట్టిన ఊరు పెనుకొండకూ హిందూపురానికీ మధ్య ఉంది. పేరు చెప్పను. చెబితే ఆనాటి కమిటీ పెద్దల మనవళ్లు చీరలు కొనే నెపంతో వచ్చి నాతో జగడం పెట్టుకుంటారు. ఆ ఊళ్లో ఒక రాతి చర్చి ఉండేది. పారిస్ గుడి పక్కన పెడితే ఏనుగు పక్కన ఎలుక, కానీ జాతి అదే. మొనదేలిన కమాన్లు, సన్నగా పొడుగ్గా రంగు అద్దాల కిటికీలు, గోడలు బయటికి ఒరగకుండా వెలుపల ఆనించి కట్టిన ఊతగోడలు. ఎండాకాలంలో లోపల అడుగుపెడితే నీళ్లకుండలో చెయ్యి పెట్టినట్టుండేది. మేము ఆ మతం వాళ్లం కాదు. రాతిపని మా ఇంటి పని, ఆ గుడి కట్టిన వాళ్లలో మా ముత్తాత ఒకడు. తెల్ల పాదిరి కాగితం మీద గీసి చూపిస్తే ఆయనకు ఒక్క ముక్కా అర్థం కాలేదట. నేలలో రెండు మేకులు దిగ్గొట్టి, ఒక్కో మేకుకు తాడు కట్టి, సున్నంతో వంపు తిప్పి, ‘ఇదేనా’ అని అడిగాడట. రెండు వంపులూ కలిసిన చోటే కమాను మొన. మా నాయనకు అన్న అయిన పెద్దనాయన దాన్ని వాకిట్లో నాకూ మా అక్కకూ గీసి చూపించేవాడు. ముగ్గు కంటే నాకు అదే ముందు వచ్చింది.

పెద్దనాయన పొట్టి మనిషి. ఏ రాయి కనబడినా సుత్తితో తట్టి, చెవి ఆనించి, ఖంగుమంటే తల ఊపేవాడు. పెళ్లిచూపులకు వచ్చినప్పుడు కూడా తనను చూడకముందే తమ గడపరాయిని తట్టి చూశాడని మా పెద్దమ్మ చచ్చేదాకా దెప్పింది.

నాకు పదేళ్లప్పుడు చర్చి కమిటీ వాళ్లు రోడ్డువైపు ఊతగోడలను కొట్టేసి, ఆ జాగాలో అంగడి గదులు కట్టారు. రెండు వానాకాలాలు గడిచేసరికి లోపలి పెద్ద కమానుకు వెంట్రుకంత పగులు వచ్చింది. ఎవరో ఇంజినీరు వచ్చి, కింద నుంచే తల ఎత్తి చూసి, బలహీనంగా ఉంది, కూల్చేయాలని రాసిచ్చాడు. పెద్దనాయనను ఎవరూ పిలవలేదు. తనే మమ్మల్నిద్దరినీ వెంటబెట్టుకుని పోయాడు. నిచ్చెనెక్కి రాయి రాయీ తట్టి చూసి దిగాడు. తర్వాత కమిటీ పెద్ద ముందర మమ్మల్ని ఎదురెదురుగా నిలబెట్టి, అరచేతులు ఆనించి ఒకరి మీదికి ఒకరిని వాలమన్నాడు. ఇది కమాను అన్నాడు. పాదాలు వెనక్కి జారుతుంటే నా మడమల వెనక తన కాలు, అక్క మడమల వెనక గుడి ఊడ్చే ఆమె కాలు అడ్డం పెట్టించాడు. నిలబడ్డాం. ఇది ఊతగోడ అన్నాడు. తన కాలు తీసేశాడు. నేను జారి పడ్డాను, అక్క వచ్చి నా మీద పడింది. నా మోచెయ్యి చీరుకుపోయింది.

“కమానుకు ఏ రోగమూ లేదప్పా,” అన్నాడు పెద్దనాయన. “ఊతం తీసేసినారు, అందుకే పక్కకు జారతాండాది. ఆ గోడ మళ్లా లేపుదాం. నేనే లేపుతా.”

కమిటీ పెద్ద నవ్వాడు. “ఇంజినీరు రాసిచ్చినాక నువ్వు చెప్పేదేముండాది? అయినా మీ దేవుని గుడి కాదు గదబ్బా, నీకెందుకు?”

“దేవుడు మీవాడే. రాయి మాది.”

ఆ మాటతో ఆయనను బయటికి పంపేశారు. నిజం చెప్పాలంటే, ఆ గుడిలో మొక్కుకునే వాళ్లలోనూ చాలామందికి కూల్చడం ఇష్టం లేదు. వాళ్లను అడిగిందెవరు? పైకప్పు దింపారు, కిటికీలు పీకారు. పెద్ద కమాను దగ్గరికి వచ్చేసరికి పని ఆగిపోయింది. రెండు రోజులు ట్రాక్టర్‌కు ఇనుప తాడు కట్టి లాగారు. తాడు తెగింది గానీ కమాను కదల్లేదు. కప్పు బరువు దిగాక అది ఇంకా నిబ్బరంగా నిలబడింది. మూడోరోజు పొద్దున కమిటీ పెద్ద మా ఇంటికి వచ్చాడు, ఏ రాయి లాగితే అది పడుతుందో చెప్పమని. సిగ్గు లేకుండా, మా అరుగు మీద కూర్చుని మరీ అడిగాడు. పెద్దనాయన సంగటి ముద్ద ముగించి, చెయ్యి కడుక్కుని వచ్చాడు.

“బలహీనమని రాసిచ్చినాడు గదా. ఆ కాగితం దానికి చూపించు, పడిపోతాది.”

మర్నాడు క్వారీ నుంచి బండలు పేల్చే మందు తూటాలు తెచ్చి పేల్చారు. ఆ చప్పుడు మా ఇంటికి వినబడినప్పుడు పెద్దనాయన ఎవరిదో తిరగలికి గంట్లు కొడుతున్నాడు. చెయ్యి ఒక్క క్షణం ఆగింది, మళ్లీ సాగింది. ఆ ఒక్క గంటూ వంకర పోయింది. తిరగలి తీసుకుపోవడానికి వచ్చిన ఆమె దాన్ని వేలితో తడిమి, అట్లాగే ఎత్తుకుపోయింది, ఊరంతా విన్న చప్పుడే కదా. ఆ తర్వాత ఆయన గోడపనికి పోలేదు. బతికినన్నాళ్లూ రోళ్లు, తిరగళ్లు చేసుకున్నాడు. మిక్సీలు వచ్చాక అవీ లేవు. మా ముత్తాత చెక్కిన రాళ్లు పగిలి, ఆ జాగాలోనే కట్టిన కొత్త గుడి పునాదిలో కంకరలాగా కలిసిపోయాయి.

పోయిన ఏడు హిందూపురంలో పెళ్లికి పోతూ బస్సులోంచి ఆ కొత్త గుడి చూశాను. స్లాబ్ పెచ్చులూడి, ఇనుప కడ్డీలు తుప్పుపట్టి బయటికి వచ్చాయి. దాన్నీ కూల్చేస్తారని పక్క సీటులో ఉన్నామె చెప్పింది. అక్కడ ఇంతకు ముందు రాతి గుడి ఉండేదని నేనంటే, ‘కాలం దేన్ని మిగలనిస్తాదమ్మా’ అని నిట్టూర్చింది. ఆమె మంచిగానే అంది, కానీ నాకు కోపం ఆగలేదు. ఆ కమానును నిజంగా కాలానికే వదిలేసి ఉంటే, అది తన పని మెల్లగా, ఏ ఐదారు వందల ఏళ్లకో చేసుకునేది; కాలానికి అంత తొందర ఎప్పుడూ లేదు.